మా నిర్మల్ టీపాయి కథ

పోయిన దసరాకు ముందు ఇంటికి రంగులు వేయించాం. రంగులంటే మీకు తెలుసు కదా, గోడల సంగతి పెయింటర్లు చూసుకుంటారు, సామాన్ల సంగతి మనం చూసుకోవాలి. ముప్పై ఏళ్ల సామానంతా వాకిట్లోకి వచ్చేసింది. అందులో ఏది లోపలికి పోవాలి, ఏది పాత సామాన్లవాడికి పోవాలి అనే పంచాయితీలో మొదట దొరికింది మా నిర్మల్ టీపాయి.

చిన్న బల్ల అది. మోకాలెత్తు ఉంటుంది. పైన నల్లటి రంగు, దాని మీద బంగారు రంగులో రెండు నెమళ్లు, చుట్టూ తీగ, మధ్యమధ్య ఎర్రపూలు. ఒక మూల వేడి గిన్నె పెట్టిన గుండ్రటి మచ్చ. ఇంకో మూల రంగు పెచ్చులూడి కింద తెల్లటి సుద్ద కనిపిస్తోంది. ఒక కాలు కదులుతుంది. దాని కింద మడిచిన కాగితం పెట్టి పదేళ్లుగా నెట్టుకొస్తున్నాను.

"ఇది తీసెయ్యరాదు, కొత్తది కొందాం" అన్నారు మా ఆయన. నేనూ సరే అనేదాన్నే. అత్తమ్మ గడప దగ్గర కుర్చీలో కూర్చుని మెల్లగా అన్నది, "మీ మామ నిర్మల్‌ల పని చేసినప్పుడు తెచ్చిండు బిడ్డా. బస్సు మీద కట్టి తెచ్చిండు. తొవ్వ పొడుగూత దిగి దిగి చూసిండు, ఎక్కడ గీసుకపోతదో అని."

అంతే. ఉంచమని అడగలేదు, పారెయ్యొద్దనీ అనలేదు. మామయ్య పోయి తొమ్మిదేళ్లయింది.

ఈలోపు మా అమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది. ఇంగ్లండులో ఏదో వేలంపాటలో పెట్టిన బల్ల. లేత పసుపు చెక్క, మీద పూలదండలు, రిబ్బన్లు, మధ్యలో ఒక అమ్మాయి బొమ్మ. రెండు వందల ఏళ్లు దాటినదట. ధర మన రూపాయల్లో లక్షలు. "అమ్మా, అది రంగులేసిన బల్లే, ఇది రంగులేసిన బల్లే. దానికేమో లక్షలు, దీనికి పాత సామాన్లాయన యాభై రూపాయలిస్తాడు. దాన్ని చేసినోళ్ల పేరు తెలుసు కాబట్టేనా?"

పిల్ల మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఆ ప్రశ్న గొంతులో చేపముల్లులాగా ఉండిపోయింది. మన బల్ల చేసిందెవరు? ఆ బల్ల చేసిందెవరు? పనయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నేననుకున్నది తలకిందులైంది.

ముందు ఆ ఇంగ్లీషు బల్ల సంగతి చెప్తాను. దాని చెక్కను వాళ్లు సాటిన్‌వుడ్ అంటారు. సాటిన్ గుడ్డ మీద వెలుగు పడితే ఎట్లా నిగనిగలాడుతుందో, నునుపు చేసిన ఆ చెక్క కూడా అట్లాగే మెరుస్తుందని ఆ పేరు. 18వ శతాబ్దం మధ్య దాకా ఇంగ్లండులో పెద్దింటివాళ్లకు ముదురు ఎరుపు మహాగని చెక్క మీద మోజు. 1760ల తర్వాత మోజు మారింది. రాబర్ట్ ఆడమ్ లాంటి శిల్పులు ఇళ్లను లేత రంగులతో, సన్నటి పూలదండల అలంకారంతో కట్టించడం మొదలుపెట్టారు. ఆ గదుల్లోకి ముదురు రంగు బల్లలు నప్పలేదు. లేత బంగారు రంగు చెక్క కావలసి వచ్చింది. అది మొదట వెస్టిండీస్ దీవుల నుంచి వచ్చేది. తర్వాత సింహళం నుంచి, మన తూర్పు తీరం వైపు నుంచి కూడా పోయింది.

ఇక్కడ ఆగి చెప్పాల్సిన మాట ఒకటుంది. మన వైపు నుంచి పోయిన ఆ సాటిన్‌వుడ్ ఏ చెట్టో తెలుసా? బిల్లుడు. మన ఆదిలాబాదు, కరీంనగరు అడవుల్లో టేకు పక్కన పెరిగే బిల్లుడు చెట్టే! మా అమ్మగారి ఊళ్లో దాన్ని గట్టి కర్ర అనే తప్ప ఎవరూ గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు. నిమ్మ, నారింజ, వెలగ ఉన్న కుటుంబంలోదే ఈ చెట్టు కూడా. దీన్ని శాస్త్రీయంగా వర్ణించినవాడు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా గోదావరి జిల్లా సామర్లకోటలో ఉండి మన చెట్లూ మొక్కలూ పరిశీలించాడు. వాటి బొమ్మలు స్థానిక చిత్రకారుల చేత వేయించాడు. 1795 నుంచి లండనులో పెద్ద పెద్ద పుస్తకాలుగా మూడు వందల బొమ్మలతో అచ్చయ్యాయి. అందులో బిల్లుడు కూడా ఉంది. ఆకు, పువ్వు, కాయ అన్నీ ఎంత ఓపికగా వేశారో. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. బొమ్మలు వేసిన మనవాళ్ల పేర్లు లేవు.

సరే, బల్ల దగ్గరికి వద్దాం. ఆ చెక్క ఖరీదైనది కాబట్టి బల్లంతా దాంతో చెయ్యరు. పలచటి పొరలుగా కోసి, మామూలు చెక్క మీద సరేసుతో అంటిస్తారు. మొదట్లో దాని మీద పూలూ తీగలూ కావాలంటే రంగురంగుల చెక్క ముక్కలు కోసి పొదిగేవాళ్లు. ఆ పనికి నెలలు పట్టేది, బోలెడు ఖర్చు. తర్వాత అదే పూలదండను కుంచెతో వేస్తే చాలా తక్కువలో అయిపోతుందని కనిపెట్టారు. అంటే మా అమ్మాయి చూపించిన బల్ల మీది ఆ బొమ్మలు ఒక రకంగా ఆ కాలపు పొదుపు మార్గమే. పట్టుచీర మీద నేత అంచు కొనలేక పెయింటింగ్ వేయించుకున్నట్టు.

మరి ఆ బొమ్మలు వేసిందెవరు? పాత కేటలాగుల్లో చాలా బల్లలకు ఏంజెలికా కాఫ్‌మన్ పేరు తగిలించి ఉంటుంది. స్విట్జర్లాండులో 1741లో పుట్టిన గొప్ప చిత్రకారిణి ఆమె. 1766లో లండను వచ్చింది. 1768లో అక్కడ రాయల్ అకాడమీ పెట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఉన్నది ఇద్దరే ఆడవాళ్లు, అందులో ఒకరు ఈమె. చదివి చాలా సంబరపడ్డాను, బల్ల మీద బొమ్మ వేసింది ఒక ఆడమనిషా అని! తీరా చూస్తే ఆమె బల్లల మీద, బీరువాల మీద బొమ్మలు వేసినట్టు ఆధారాలేమీ లేవట. ఆమె చిత్రాలు అచ్చు బొమ్మలుగా ఊరూరా అమ్ముడుపోయాయి. వాటిని ముందు పెట్టుకుని పేరు తెలియని పనివాళ్లు బల్లల మీదికి ఎక్కించారు. తర్వాతి వ్యాపారులు ఆమె పేరు చెప్తే ధర పెరుగుతుందని ఆమె పేరు పెట్టారు.

చేసినవాళ్ల పేర్ల సంగతి ఇంకా వింత. ఇంగ్లీషు ఫర్నిచర్ గురించి మాట్లాడేవాళ్లందరూ హెపుల్‌వైట్ బల్ల, షెరటన్ కుర్చీ అంటారు. జార్జ్ హెపుల్‌వైట్ అనే ఆయన 1786లో చనిపోయాడు. ఆయన నమూనాలన్నీ ఒక పుస్తకంగా వేసింది ఆయన భార్య ఆలిస్, 1788లో. పుస్తకం మీద ఏ. హెపుల్‌వైట్ అండ్ కంపెనీ అని ఉంటుంది, ఆ 'ఏ' ఆమెదే. ఆయన చేతి పని అని కచ్చితంగా చెప్పగలిగే ఒక్క కుర్చీ కూడా ఈరోజు లేదు. భార్య ఆ పుస్తకం వెయ్యకపోతే ఆ పేరే మిగిలేది కాదు. షెరటన్ సంగతీ అంతే. నమూనాల పుస్తకాలు వేశాడు, 1806లో బీదతనంలో పోయాడు. ఆయనే చేశాడని తేలిన బల్ల లేదు.

పెంబ్రోక్ బల్ల అని ఇంకోటుంది. రెండు పక్కలా మడిచే రెక్కలుంటాయి. ఆడవాళ్లు ఫలహారానికి, ఉత్తరాలు రాసుకోవడానికి, కుట్లూ అల్లికలకూ వాడుకునేవాళ్లు. చెక్క పొరల మీద పూలు వేసిన బల్లల్లో ఇవే ఎక్కువ. దాన్ని మొదట చేయించుకున్న దొరసాని పేరు మీద ఆ పేరు వచ్చిందని షెరటనే రాశాడు. చేయించుకున్నామె పేరు నిలిచింది, చేసినాయన పేరు నిలవలేదు.

అప్పటి లండనులో జార్జ్ సెడన్ కార్ఖానా చాలా పెద్దది. 1786లో సోఫీ ఫాన్ లా రోష్ అనే జర్మన్ రచయిత్రి అక్కడికి పోయి చూసి తన డైరీలో రాసుకుంది. నాలుగు వందల మంది పనిచేస్తున్నారట, వడ్రంగులు, నగిషీ చెక్కేవాళ్లు, పూత పూసేవాళ్లు, అద్దాలవాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు. ఒక బల్ల ఎందరి చేతుల మీదుగా పోయి ఉంటుంది చెప్పండి!

మరి కొన్నింటికి పేరెట్లా దొరికింది? కాగితాల వల్ల. యార్క్‌షైర్‌లో హేర్‌వుడ్ అనే పెద్ద భవనం ఉంది. అక్కడ సాటిన్‌వుడ్ పొరల మీద ఇద్దరు దేవతల బొమ్మలు పొదిగిన ఒక సొరుగుల బల్ల ఉంది. 1773లో థామస్ చిపెండేల్ దానికి 86 పౌండ్లు వసూలు చేసినట్టు బిల్లు దొరికింది. ఆ బిల్లు దాచిపెట్టారు కాబట్టి అది చిపెండేల్ పని అని తేలింది. లాంకాస్టర్‌లో గిల్లో అనే కుటుంబం ఇంకో పని చేసింది. ఒక్కో వస్తువుకు బొమ్మ గీసి, ఎంత చెక్క పట్టింది, కూలి ఎంత, చేసిన పనివాడెవరు అని పుస్తకాల్లో రాసిపెట్టుకుంది. మన కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాగా. అందుకే రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఫలానా బల్ల ఫలానా మనిషి చేశాడని చెప్పగలుగుతున్నారు.

కాబట్టి మా అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. అక్కడ కూడా చాలామంది పనివాళ్ల పేర్లు పోయాయి. మిగిలినవి ఎవరో ఒక కాగితం పారెయ్యకుండా ఉంచినందుకు మిగిలాయి.

మన దగ్గర ఎవరు రాసిపెట్టారు? అసలు రంగులేసిన బల్ల మనకు కొత్త కాదు, నిర్మల్ ఉంది కదా. 17వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడు కళాకారులను పిలిపించి అక్కడ నిలబెట్టాడని చెప్తారు. ఊరి పేరు కూడా ఆయన మీదనే వచ్చిందంటారు. వాళ్లే నకాషీలు. బొమ్మలకు పొనికి కర్ర వాడతారు. తెల్లగా, దూదిలాగా తేలికగా ఉంటుంది. దాన్ని ఎండబెట్టి, ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన జిగురుతో అతికిస్తారు. మీద సుద్ద పూసి నునుపు చేసి అప్పుడు రంగు వేస్తారు. బల్లలకైతే పొనికి బరువు ఆపదు, టేకు కావాలి. టేకుకు ఆదిలాబాదు అడవుల్లో ఏం కరువు? పాతకాలంలో రంగులు ఆకుపసర్లతో, రాళ్లతో తయారయ్యేవి. బంగారం లేకుండానే బంగారపు మెరుపు తేవడం వాళ్ల ప్రత్యేకత. తర్వాత డబ్బాల్లో వచ్చే డ్యూకో రంగులు వచ్చాయి. నిజాం నవాబు నిర్మల్‌కు వస్తే పైనుంచి తామరమొగ్గ విచ్చుకుని ఆయన మీద బంగారు రేకులు రాలేలా చేశారని ఒక కథ చెప్పుకుంటారు. నవాబు ఎవరో కథలో ఉంటాడు, మొగ్గ చేసినాయన పేరు ఉండదు.

1955లో బొమ్మల కళాకారులు సహకార సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు నిర్మల్ బొమ్మలకూ, ఫర్నిచర్‌కూ, చిత్రాలకూ విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉంది. మన కరీంనగరు వెండి తీగ పనికి కూడా ఉంది. ఎలగందుల నుంచి కరీంనగరుకు వచ్చిన ఆ పనితో చేసిన కుంకుమ భరిణె మనలో చాలామంది దేవుడి అరలో ఉంటుంది. ఆ గుర్తింపుల్లో ఊరి పేరు భద్రంగా ఉంటుంది. అది మంచిదే. మనిషి పేరు మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి.

ఆ రాత్రి అత్తమ్మను అడిగాను, "చేసినాయన పేరేంది అత్తమ్మా?"

"ఆయన పేరు ఎవరికెరుక బిడ్డా? మొగోళ్ల పేరు మనం అడుగుతమా? ఆయన భార్య నాకు మంచిగ ఎరుక. ఇంటి ముందల చింతగింజలు నూరుకుంట కూసునేది. నేను అప్పుడు ఒట్టి మనిషిని గాను, మీ ఆయన కడుపుల ఉన్నడు. ఎండల పోతే చల్ల ఇచ్చేది" అంటూ ఆమె పేరు టక్కున చెప్పింది. యాభై ఏళ్లు దాటినా మరిచిపోలేదు. ఇంకా చెప్పింది. నెమళ్లు వెయ్యమన్నది అత్తమ్మేనట. మామయ్య హంసలు అంటే, ఈమె నెమళ్లు అన్నదట. "నా మాట ఇన్నది ఆ ఒక్కసారే" అని నవ్వింది. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు.

ఇంక దాన్ని పారేసే మాట ఎక్కడిది? కానీ పెచ్చులూడుతున్న రంగు సంగతేమిటి? దసరా అయినాక ఒక ఆదివారం కారులో వేసుకుని బయల్దేరాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా పోయి, సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరాం. అత్తమ్మను కూడా తీసుకుపోయాం. తను చెప్పిన గల్లీ దొరకలేదు. ఇళ్లన్నీ మారిపోయాయి. ఆ పేరు గలామెను ఎరిగినవాళ్లు కూడా దొరకలేదు. అత్తమ్మ కారు కిటికీ లోంచి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు.

చివరికి ఒక పెద్దాయన ఇంటికి తీసుకుపోయారు. ఇంట్లో ఆయన కోడలు నేల మీద కూర్చుని చెక్క పండ్లకు రంగు వేస్తోంది. ఆయన మా టీపాయిని తిప్పి చూశాడు, పెచ్చులూడిన చోట వేలితో తడిమాడు. "పైపలక టేకు. సుద్ద మంచిగ పట్టిచ్చిండు. గీ తీగ జూడున్రి, ఒక్క గీతల పోయింది, ఎత్తలే చెయ్యి. పాతోళ్ల పని" అన్నాడు.

"కొత్తగా రంగేసి ఇస్తారా?" అని మా ఆయన అడిగారు.

"ఎందుకియ్యను సార్, నా పనే అది. కొత్తదాని లెక్క చేసిస్త. కానీ నేను ఏస్తే గిది నా పనైతది. ఆయన పని కిందికి పోతది. మీ ఇష్టం."

అడిగితే డబ్బు వచ్చే పనిని ఆయన తనంతట తానే వద్దన్నట్టు చెప్పడం నన్ను కదిలించింది. మేం ముగ్గురం అత్తమ్మ వైపు చూశాం. "ఉండనియ్యి బిడ్డా, గట్లనే ఉండనియ్యి" అన్నది. ఆయన కదిలే కాలు మాత్రం బిగించి, ఊడుతున్న పెచ్చుల అంచులకు జిగురు పట్టించి ఇచ్చాడు. తడిగుడ్డ పెట్టొద్దని, పొడి మెత్తటి గుడ్డతో తుడవమని, ఎండ తగిలే చోట ఉంచొద్దని చెప్పాడు. నేను ఇన్నేళ్లూ సబ్బునీళ్లతో తోముతున్నానని ఆయనకు చెప్పలేదు! ఆయన పేరు అడిగి రాసుకున్నాను. ఆ కోడలి పేరు కూడా.

ఇంటికొచ్చాక ఒక మందపాటి కాగితం మీద రాశాను. ఎక్కడ కొన్నది, మామయ్య పేరు, చింతగింజలు నూరిన ఆమె పేరు, నెమళ్లు కోరిన అత్తమ్మ పేరు, కాలు బాగు చేసినాయన పేరు. కొన్న ఏడాది అత్తమ్మకు గుర్తులేదు. మా ఆయన కడుపులో ఉన్న ఎండాకాలం కాబట్టి లెక్క కట్టి 1971 అని వేశాం. ధర నలభై రూపాయలో నలభై అయిదో అని అన్నది, అట్లాగే రాశాను. బొమ్మ వేసినాయన దగ్గర, ఫలానా ఆమె భర్త అని రాశాను. చదువుకున్న పుస్తకాల్లో ఎప్పుడూ ఫలానా ఆయన భార్య అనే చదివాను, అందుకే రాస్తుంటే కొంచెం వింతగా అనిపించింది.

కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బల్ల కింద అంటించాం. మా అమ్మాయి చదివి వినిపించింది. అత్తమ్మ అంతా విని, "నీ పేరు రాసుకోలేదేందే? రోజు తుడిచేది ఎవరు?" అన్నది.

నా పేరు కూడా రాశాను. కిందన ఇంకా రెండు మూడు పేర్లకు చోటు వదిలాను.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. చెక్క పెట్టె, కుంకుమ భరిణె, ఇత్తడి బిందె, పాత ఉయ్యాల. రేపు మధ్యాహ్నం దాన్ని ఒకసారి తిప్పి చూడండి. పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చుని అడగండి. మామయ్యను నేను అడగలేదు. ఆయనకైతే ఆ బొమ్మ వేసినాయన పేరు తెలిసే ఉంటుంది.